ముందు వచ్చిన ఆఖరి కాగితం

జనగామలో ఒక జిరాక్స్ అక్క జాతకాల కాగితాలు తారుమారు చేసి ఒక పిల్ల పెండ్లి చెడగొట్టబోయిందనే కథ మీలో కొందరు వినే ఉంటారు. కంప్యూటర్లు రిపేరు చేసేవాళ్ళు నలుగురు కూడిన చోట ఆ కథ రాకుండా ఉండదు. మొన్న మానుకోట బస్టాండులో నా పక్కన కూర్చున్న ఒకాయన, మా వృత్తివాడే, అదే కథ నాకే చెప్పాడు. బాగా చెప్పాడు. నవ్వాల్సిన చోట ఆగి మరీ చెప్పాడు. ఆయన ఆగిన చోట్లన్నీ ఒకప్పుడు నేను ఆగిన చోట్లే. ఎందుకంటే ఆ కథను మొదట లోకం మీదికి వదిలింది నేను. అందులో ఒక అబద్ధం ఉంది. అది నాతోనే పోతే బాగుండేది కానీ నాకంటే ఎక్కువ ఊళ్ళు తిరుగుతోంది. కనుక అసలు ఏం జరిగిందో రాస్తున్నాను.

జిల్లాలు వేరుపడ్డ కొత్తలో నేను ఒక చిన్న సర్వీసు కంపెనీలో పనిచేసేవాణ్ణి. జనగామలో ఒక గది మా ఆఫీసు. జనగామ నుంచి మానుకోట దాకా, అటు భూపాలపల్లి దాటి కాటారం దాకా ఎక్కడ కంప్యూటర్ మొరాయించినా నేనే పోవాలి. ఆఫీసులో ఫోన్ ఎత్తి కంప్లైంట్లు రాసుకునే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళ బాపుకు ఊళ్ళో చిన్న కిరాణం దుకాణం. నన్ను అన్నా అనేది, నేను చెల్లే అనేవాణ్ణి. నేను ఏ ఊళ్ళో ఉన్నానో, తిన్నానో లేదో, బండిలో పెట్రోలు ఉందో లేదో నాకంటే ఆమెకే బాగా తెలిసేది.

ఆ రోజుల్లో కాటారంలోని ఒక హోల్‌సేల్ కిరాణం నుంచి వారం వారం కంప్లైంటు వచ్చేది. నేను రెండు బస్సులు మారి పోతే అక్కడ ఏ తీగో ఊడి ఉండేది. గుచ్చి వచ్చేవాణ్ణి. మళ్ళీ వారం అదే తీగ. ఎలుకలు లాగుతున్నాయేమో అని ఆ ఇంటి పెద్దాయన ఎలుకల బోను కూడా పెట్టించాడు. చాలా రోజులకు నాకు అర్థమైంది, తీగ లాగుతున్నది ఆయన కొడుకు. కంప్లైంటు చెప్పాలంటే మా ఆఫీసుకు ఫోన్ చేయాలి కదా, ఫోన్ ఎత్తేది మా చెల్లె కదా.

ఒకరోజు నేనే అడిగాను. "చెల్లే, కాటారం తీగ సంగతి మీ బాపుకు ఎరికేనా?"

"చెప్పిన అన్నా. కులం కలిసింది, ఇల్లు కలిసింది. ఇగ అయ్యగారి కాడ పొంతన జూపిస్తే అయిపాయె" అంది రిజిస్టర్‌లో తలపెట్టుకుని.

ఆ అయ్యగారు జనగామ బజార్లో జాతకాలు చూసే పెద్ద మనిషి. మొదట్లో పంచాంగం ముందు పెట్టుకుని చేత్తో లెక్క కట్టేవారు. తర్వాత ఎవరో ఆయనకు కంప్యూటర్లో నడిచే జాతకాల ప్రోగ్రాం ఇచ్చారు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, మౌసు పని లేదు, అంతా కీబోర్డు మీదే. ఆ కాలపు కంప్యూటర్లకు తెలుగు రాదు కనుక తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది. పిల్లవాడివీ పిల్లవీ పుట్టిన వివరాలు కొడితే తెర మీద ఏమీ చూపించదు, అంతా నేరుగా ప్రింటర్‌కు పంపుతుంది. మొదటి పేజీలో పేర్లు, నడుమ గ్రహాలు, ఆఖరి పేజీలో ఎన్ని గుణాలు కలిశాయి, పొంతన కుదిరిందా లేదా అన్న తీర్పు. ఒక్క మొదటి పేజీలో తప్ప ఇంకెక్కడా పేర్లుండవు. ఇది గుర్తు పెట్టుకోండి.

అయ్యగారికి ఒక నియమం ఉండేది. పొంతన కుదరదన్న మాట నోటితో చెప్పరు. ఒక ఇంటి ఆశను నోటితో తుంచకూడదనేవారు. కాగితాలు కవర్లో పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసి, చేతికిచ్చేవారు. ఇంటికి పోయి దేవుని ముందట పెట్టి విప్పుకొమ్మనేవారు. అయితే పాత డాట్ మాట్రిక్స్ ప్రింటర్ చరచరమని ఒక్కో వరుస కొడుతుంటే ఆయన పక్కనే నిలబడి చదువుకునేవారు. తీర్పు మంచిదైతే కవరు వెంటనే ఇచ్చేవారు. కాదని ఉంటే వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పొలాల సంగతి, వానల సంగతి అడిగి, ఇంకో సంబంధం ఫలానా ఊళ్ళో ఉందని మాటల్లో వేసి, అప్పుడు ఇచ్చేవారు. తెలిసినవాళ్ళు ఆయన మంచినీళ్ళు తెమ్మంటేనే గుండెలు పట్టుకునేవారు.

ఆ ప్రింటర్‌కు రిబ్బన్లు దొరకడం ఆగిపోయింది. అక్షరాలు పొగలాగా పడుతున్నాయి. పక్క దుకాణం జిరాక్స్ అక్కది. భర్త పోయాక ఒక్కతే ఆ దుకాణం నడుపుకుంటూ, ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న మనిషి. మాట కరుకు, చేయి మెత్తన. రెండు దుకాణాల నడుమ గోడకు ఒక చిన్న కిటికీ ఉండేది. అయ్యగారికి పొద్దున ఛాయ్ ఆ కిటికీలోంచే పోయేది, సాయంత్రం ఆమె పిల్లలకు అరటిపండ్లు ఆ కిటికీలోంచే వచ్చేవి. ఆమె కొత్త మిషన్ కొనుక్కుంది. పాత లేజర్ ప్రింటర్ ఖాళీగా ఉంది, నెట్‌వర్క్ తీగతో నడిచేది. "ఊకెనే ఉన్నది, అయ్యగారికి కలుపు తమ్మీ. కాయితాలు వస్తే నేనే కవర్ల పెట్టి కిటికీలకెల్లి ఇస్త" అంది.

నల్ల తెర ప్రోగ్రాంకు నెట్‌వర్క్ ప్రింటర్ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది కంప్యూటర్ వెనుక ఉండే పెద్ద ప్రింటర్ రంధ్రం ఒక్కటే. ఆ రంధ్రంలోకి పంపుతున్నాననే అది అనుకోవాలి, మనం మధ్యలో పట్టుకుని తీగలోంచి పక్క దుకాణానికి మళ్ళించాలి. ఒక్క వరుస ఆదేశంతో అయ్యే పని. అప్పట్లో మా కంపెనీలో ఆ కిటుకు నాకొక్కడికే తెలుసు. దాని మీద నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆరోజు పొద్దున చెల్లె ఫోన్ చేసి, "అన్నా, అయ్యగారి మిషన్ ఇయ్యాల్నే బాగు జెయ్యి. రేపు పొద్దుగాల్నే మా బాపు పోతడు. బోణీ మాదే కావాల్నట" అంది. ఆమె కోసమే నేను భూపాలపల్లి పని మధ్యాహ్నానికి జరుపుకుని అయ్యగారి దుకాణానికి పోయాను. తీగ వేశాను, ఆదేశం కొట్టాను. పరీక్షకు ఎవరివో ఒకరి వివరాలు కావాలి కనుక నావీ, నా భార్యవీ కొట్టాను. మా పెండ్లికి ఎవరూ జాతకాలు చూడలేదు. కిటికీ అవతల ప్రింటర్ కదిలింది, నేను అటు పోయాను. ముందు ఒక తెల్ల కాగితం వచ్చింది. లేవగానే మిషన్ ఆవలించినట్టుంది అనుకుని పక్కన పడేశాను. తర్వాత నా పేరు, నా భార్య పేరు, గ్రహాలు వచ్చాయి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆఖరి పేజీ వచ్చిందా లేదా అని చూడలేదు. ప్రింటర్ మీద ఒక పచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. ఎర్రది కాదు కదా, పచ్చదే కదా అనుకున్నాను. బస్సు టైమైంది. సంచి సర్దుకుని పోయాను.

ఆ పచ్చ దీపం ఏమంటోందో ఇప్పుడు చెబుతాను. పాత ప్రింటర్ ఏ వరుస వస్తే ఆ వరుస అప్పుడే కొట్టేస్తుంది. లేజర్ ప్రింటర్ అట్లా కాదు. పేజీ నిండాలి, లేదంటే ఈ పేజీ ఇక వదులు అని ఎవరైనా చెప్పాలి. అప్పటిదాకా కడుపులో పెట్టుకుని కూర్చుంటుంది. మన జాతకాల ప్రోగ్రాం ఆ వదులు అనే మాటను పేజీకీ పేజీకీ నడుమ చెబుతుంది, కొత్త జాతకం మొదలుపెట్టేటప్పుడు చెబుతుంది, కానీ ఆఖరున చెప్పదు. పాత ప్రింటర్‌తో ఆ అవసరమే లేదు, కాగితం చేత్తో చింపుకునేవారు. కనుక ప్రతి జాతకం ఆఖరి పేజీ ప్రింటర్ కడుపులోనే ఉండిపోయి, తర్వాత వచ్చినవాళ్ళ జాతకం మొదలు కాగానే వాళ్ళ కాగితాలకంటే ముందు బయటికొస్తుంది. కాగితాల లెక్క మాత్రం ఎప్పుడూ సరిపోతుంది. తీర్పు ముందటివాళ్ళది.

పని మిగిలిపోయి మర్నాడు పొద్దున కూడా నేను భూపాలపల్లిలోనే ఒక ఆఫీసు మెట్ల మీద ఉన్నాను. జిరాక్స్ అక్క ఫోన్ చేసింది. మొట్టమొదట పేరు లేని కాగితం ఒకటి వస్తోందనీ, దాని వెనుక పేర్లున్న కాగితం వస్తోందనీ, వరుస తప్పినట్టుందనీ చెప్పింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కొన్ని లేజర్ ప్రింటర్లు వెనుక పేజీని ముందు ఇస్తాయి, అది నిజమే. కానీ అట్లా ఇచ్చేవి అన్నింటినీ తిరగేసి ఇస్తాయి, ఒక్కదాన్నే కాదు. ఆ తేడా నాకు తెలుసు. తెలిసి కూడా అన్నాను. "గా మిషన్లు గంతే అక్కా. ముందు వచ్చిందే ఆఖరి కాయితం. దాన్ని తీసి ఎనుక పెట్టు."

"పక్కానా తమ్మీ? పెండ్లి కాయితాలు ఇవి."

"పక్కా."

ఈ ఒక్క మాటను గురించే ఇదంతా రాస్తున్నాను.

ఆ పూట బోణీ మా చెల్లె వాళ్ళదే. పసుపు రాసిన కవరు కిటికీలోంచి వచ్చింది. అయ్యగారు ఇప్పుడు చూడడానికేమీ లేదు, కవరు అంటించే వస్తోంది. ఆయన చూపు ఆ కాగితం మీద పడే దారిని నేను తీసేశాను. మంచినీళ్ళు తెమ్మనలేదు, పొలాల సంగతి అడగలేదు. చెల్లె వాళ్ళ బాపు సంతోషంగా ఇంటికి పోయి, పొంతన మాట వినడానికే వచ్చి కూర్చున్న కాటారం పెద్దాయన, కాబోయే వియ్యంకుడు, ఎదురుగానే కవరు విప్పాడు. పొంతన లేదు. దోషం ఉన్నది. ఈ వివాహం తగదు.

నేను ఆఫీసుకు తిరిగొచ్చేసరికి చెల్లె మామూలుగానే ఫోన్ ఎత్తుతోంది. కంప్లైంట్లు రాసుకుంటోంది. నాకు ఛాయ్ పోసింది. పోస్తూ, "కాటారం తీగ ఇగ ఊడది అన్నా" అని మాత్రం అంది. ఏడ్చి ఉంటే నేను ఏదో ఒకటి చెప్పి ఉండేవాణ్ణి. ఆమె ఏడ్వలేదు. ఆ వారం కాటారం నుంచి ఫోన్ రాలేదు. ఫోన్ మోగినప్పుడల్లా ఆమె చేయి ఒక్క క్షణం ఆగేది.

గుట్టు బయటపెట్టింది నర్సింహులపేట నుంచి వచ్చిన ఒక కుటుంబం. వాళ్ళ ఇంట్లో పసిపిల్ల కవరు చింపి ముక్కలు చేసింది. తీర్పు బాగుందని గుర్తుంది కానీ కాగితం దగ్గర ఉంటే మంచిదని మళ్ళీ తీయించుకున్నారు. ఈసారి తీర్పు వేరే వచ్చింది. వాళ్ళు వెనక్కి వచ్చి రెండు మాటలెందుకొచ్చాయని అడిగితే అయ్యగారి ముఖం పాలిపోయిందట. ఒకే జంటకు ఆ ప్రోగ్రాం రెండు మాటలు చెప్పడం ఆయన ఎరగరు. మా ఆఫీసుకు ఫోన్ చేశారు. ఫోన్ ఎత్తి, విని, రాసుకున్నది చెల్లె. ఆమె ఆ కాగితం నాకిచ్చింది. నా ముఖంలోకి చూసింది, అంతే.

పోయాను. ఒక జాతకం కొట్టి చూశాను. పచ్చ దీపం ఆరుతూ వెలుగుతోంది. ప్రింటర్ మీద ఉన్న బొత్తాం నొక్కాను. కడుపులోని కాగితం మెల్లగా బయటికొచ్చి నా చేతిలో వెచ్చగా పడింది. అప్పుడు అంతా అర్థమైంది. మొదటి రోజు బోణీ కవర్లో ఎవరి ఆఖరి కాగితం పోయిందో కూడా అర్థమైంది. రాత్రంతా ఆపకుండా ఉంచిన ఆ మిషన్‌లో అంతకుముందు నడిచింది నా పరీక్ష ఒక్కటే. చెల్లె పెండ్లిని ఆపిన కాగితం నాదీ నా భార్యదీ.

బాగుచేయడం చిన్న పని. ప్రతి జాతకం అయిపోగానే వదులు అనే గుర్తును మన కంప్యూటరే పంపేట్టు చేశాను. దానివల్ల ప్రతిసారీ ముందొక తెల్ల కాగితం వృథాగా వస్తుంది. అయ్యగారు తర్వాత్తర్వాత ఆ తెల్ల కాగితానికే పసుపు రాసి పైన పెట్టడం మొదలుపెట్టారు.

పెద్ద పని మాట చెప్పడం. అయ్యగారు కుర్చీలో కూర్చుని, నర్సింహులపేటవాళ్ళు చూస్తుండగా, పేరులేని కాగితాన్ని తీసి ఆఖరున పెట్టిందెవరని అడిగారు. కిటికీలోంచి అక్క చెప్పింది. "నేనే పెట్టిన అయ్యగారు. తమ్మున్ని ఫోన్ల అడిగిన. ఎనుక పెట్టుమన్నడు."

అందరూ నా వైపు చూశారు. ఆ నెలలో అప్పటికే నా మీద ఒక కంప్లైంటు కంపెనీదాకా పోయి ఉంది. ఇంకొకటి పోతే ఉద్యోగం ఉండదు. అది కారణం. సాకు అనుకున్నా నేను కాదనను.

"నేను గట్ల చెప్పలే అక్కా" అన్నాను.

అక్క నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. తడబడి రోడ్డు మీద పడ్డ మనిషిని చూసినట్టు చూసింది. అయ్యగారు ఆమెతో, "చదువుకున్నదానివి. పేరులేని కాయితం ఒకరి బతుకుల ఎట్ల పెడ్తివమ్మా?" అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. కానీ ఆ బజార్లో ఆయన ఒకరిని అట్లా అనడం ఎవరూ వినలేదు.

"అయితే నా చెవులదే తప్పు" అంది అక్క. కిటికీ రెక్క మూసింది.

అయ్యగారు ఆ వారం ఇచ్చిన జాతకాలన్నీ మళ్ళీ తీయించి, కొత్త కవర్లకు పసుపు రాసి, ప్రతి ఇంటికీ తానే పోయి ఇస్తానన్నారు. పిలిపించుకోవచ్చు కదా అంటే, తప్పు మోసుకుని మనమే పోవాలి నాయినా అన్నారు. తోడు నేను.

పెద్దవంగరలో మంచి తీర్పు అందుకున్న ఇల్లు ఒకటి ఉంది. అక్కడి అవ్వ సంగతంతా విని, కొత్త కవరును కళ్ళకద్దుకుని, విప్పకుండా దేవుని అరలో పటం వెనక్కి తోసేసింది. "పిల్ల, పిల్లగాడు దినాం ఫోన్ల మాట్లాడుకోవట్టిరి. చీరెలు దెచ్చినం. ఇప్పుడు గిదేమంటదో మాకెందుకు అయ్యగారు? అన్నం దిని పోండ్రి" అంది. నర్సింహులపేటలో రెండు తీర్పులూ చూసినవాళ్ళు వాళ్ళే కనుక, ఏది తమదో చెబితే చాలన్నారు. చెప్పాం. ఏం చెప్పామో వాళ్ళ సంగతి. మానుకోటలో ఒకాయన మాత్రం అయ్యగారిని గడపలోనే నిలబెట్టి నానా మాటలన్నాడు. అయ్యగారు చేతులు కట్టుకుని విన్నారు. తిరిగి బస్సెక్కాక, "ఆ జిరాక్స్ బిడ్డనన్న ఒక్క మాటకు ఇది వడ్డీ" అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు.

ఆఖరున కాటారం. దుకాణంలో బియ్యం బస్తాల నడుమ పెద్దాయన. ఎలుకల బోను ఇంకా కంప్యూటర్ బల్ల కిందే ఉంది. కొడుకు గోడకానుకుని నేల చూస్తున్నాడు. చెల్లెకు తెలియదు మేము అక్కడికి పోయినట్టు. వాళ్ళు మళ్ళీ కాదంటే ఆమె ఆ మాట రెండోసారి వినాల్సి వస్తుందని చెప్పలేదు.

పెద్దాయన అంతా విన్నాడు. కొత్త కవరు వైపు చేయి చాచలేదు. "అయ్యగారు, ఒక మనిషి రెండు మాటలు చెప్తే ఆ మనిషినే నమ్మం. మిషన్ రెండు మాటలు చెప్తే ఏ మాట నమ్మాలె? రేపు ఇంకోటి తెచ్చి గిది గూడ తప్పంటరు. పోనియ్యిండ్రి. వాడి రాత" అన్నాడు.

అయ్యగారు కవరును ఒక బస్తా మీద పెట్టారు. ఆ ఇంట్లో ఆ మాట అట్లాగే నిలబడిపోతే చెల్లె పెండ్లి అక్కడితో అయిపోయినట్టే. కొడుకు తల ఎత్తలేదు. నేను అన్నాను. "పెద్దాయనా, మీరు చదివిన కాయితం మీ పిలగానిది కాదు. అది నాది. నాకూ నా ఇంటామెకూ పొంతన కుదరదని చెప్పిన కాయితం."

"నీదా?"

"నాదే. పరీక్షకు కొట్టిన."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి పెండ్లయి ఎన్నేండ్లాయె?"

"పద్నాలుగేండ్లు."

"ఆమెకు ఫోన్ జెయ్యి. నేను వింటనని చెప్పకు."

చేశాను. ఆయన చెప్పినట్టు స్పీకర్ పెట్టాను. నా భార్య నన్ను ఒక్క మాట మాట్లాడనివ్వలేదు.

"ఎక్కడున్నవ్? పొద్దుగాల తినకుంటనే పోతివి. సంచిల జొన్నరొట్టెలు పెట్టిన, చూసినవా? చూసి ఉండవ్. అయ్యగారికి గూడ ఉన్నయి, ఉల్లిగడ్డ ఎయ్యలే ఆయన తినడని. మందుగోలి ఏసుకున్నవా? ఎయ్యలే. నాకెరికే."

"ఊకెనే చేసిన" అన్నాను.

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. తర్వాత, "నువ్వు ఊకెనే ఫోన్ చేసెటోనివి కాదు. ఏం తప్పు జేసినవ్?" అంది.

పెద్దాయన బస్తా మీద చేయి వేసుకుని నవ్వాడు. పొట్ట కదిలేటట్టు నవ్వాడు. కొడుకు కూడా తల ఎత్తి నవ్వాడు. అయ్యగారు నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను, ఆమె అడిగిన మాటకు నా దగ్గర జవాబు ఉంది కనుక.

"కుదరనోళ్ళే గిట్లుంటే ఇగ కాయితంతోని ఏం పని అయ్యగారు" అన్నాడు పెద్దాయన. సంచి విప్పించి జొన్నరొట్టెలు తానే తీసి అందరికీ పంచాడు. కవరు విప్పకుండానే అయ్యగారి చేతిలో పెట్టాడు. కొడుకును పిలిచి, "పోయి ఆ బోను తీసెయ్యి. ఎలుక దొరికింది" అన్నాడు.

నేను ఆఫీసులో అడుగు పెట్టేసరికే ఫోన్ మోగుతోంది. చెల్లె ఎత్తింది. చాలాసేపు విన్నది. తర్వాత అలవాటుగా రిజిస్టర్ లాక్కుని, కంప్లైంటు ఏంటని రాయాల్సిన చోట కలం పెట్టి, ఏమీ రాయకుండా అట్లాగే కూర్చుంది. నేను బయటికి పోయి బండి తుడుచుకున్నాను.

పెండ్లి జనగామలోనే అయింది. చెల్లె బజారంతా పిలిచింది, అక్కను తప్ప. పిలవలేదేమని నేను అడగలేదు. ఆ తర్వాత ఎక్కడ నలుగురు కలిసినా ఈ కథ చెప్పమనేవారు. చెప్పేవాణ్ణి. పచ్చ దీపం దగ్గర ఆగేవాణ్ణి, బోను దగ్గర ఆగేవాణ్ణి, నా భార్య అడిగిన మాట దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగేవాణ్ణి. నడుమ జిరాక్స్ అక్క కాగితాలు తారుమారు చేసిందని ఒక్క ముక్కలో దాటించేవాణ్ణి. చెల్లె తన పిల్లలకు కూడా అట్లాగే చెప్పింది. అయ్యగారు ఒక చిన్న ప్రింటర్ కొనుక్కున్నారు. కిటికీ మూసే ఉండిపోయింది. గోడ పంచుకున్న రెండు దుకాణాల మనుషులు రోడ్డు మీదికి దిగి, ఎదురుపడి, తల పక్కకు తిప్పుకుని పోయేవారు. నేను ఆ బజారుకు పోవాల్సి వస్తే వెనుక సందులోంచి పోయేవాణ్ణి.

ఇప్పుడు ఆ కంపెనీ లేదు. నేను ఊళ్ళు తిరగడం మానేశాను. ఉద్యోగం కాపాడుకోవడానికి అబద్ధమాడాను కదా, ఆ ఉద్యోగం ఆ తర్వాత రెండేళ్ళు కూడా నిలవలేదు.

బస్టాండులో ఆయన కథ చెప్పిన రోజే చెల్లెకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకప్పుడు నా గొంతు వినగానే ఏ ఊళ్ళో ఉన్నానో చెప్పగల మనిషి, ఆరోజు ఎక్కడున్నవని కూడా అడగలేదు. "గిన్నేండ్లు నన్ను ఆమె మీద నవ్విస్తివి అన్నా" అంది.

వచ్చిన ఆదివారం కాటారం నుంచి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. చేతిలో చీర, అరటిపండ్లు. ముగ్గురం ముందటి దారినే బజారుకు పోయాం. అయ్యగారికి ఇప్పుడు చూపు సరిగా లేదు, అయినా దుకాణంలో కూర్చుంటారు. చేయి పట్టి ఆయన్ను అక్క దుకాణంలోకి తీసుకుపోయాను. అక్క ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్స్ తీస్తోంది. మమ్మల్ని చూసి మిషన్ మూత ఎత్తినచోటే ఆగింది.

అందరి ఎదుట చెప్పాను. "అక్కా, ఆరోజు ఫోన్ల ఎనుక పెట్టుమన్నది నేనే. నువ్వు పక్కానా అని గూడ అడిగినవ్. పక్కా అన్న."

అక్క మిషన్ మూత దించింది. మూత చప్పుడైన వైపు తిరిగి అయ్యగారు అన్నారు. "ఎవల ఆశనూ నోటితోని తుంచొద్దనుకున్న. ఒక్కసారే నోరు జారిన. అది నీ మీద, అది గూడ తప్పు మనిషి మీద."

చెల్లె చీర అందించి కాళ్ళకు దండం పెట్టబోతే అక్క భుజం పట్టి లేపింది. పెండ్లినాడు ఎట్లున్నవో సూడనేలేదు బిడ్డా అని, గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నాకెరికెలేదా తమ్మీ? పిల్లలున్నోనివి, నౌకరి పోతదని బుగులుపడ్డవ్. రేపో మాపో చెప్తడులే అనుకున్న." గోడ వైపు చూపించింది. కిటికీ ముందు కాగితాల కట్టలు పేర్చి ఉన్నాయి. "గా కిటికి మూసిన గని గడియ పెట్టలే. ఇన్నేండ్లల్ల ఎవలన్న నూకి చూస్తిరా?"

అయ్యగారు లేచి తడుముకుంటూ తన దుకాణంలోకి పోయారు. గోడ అవతల పంచాంగాలు జరిపిన చప్పుడు వినిపించింది. తర్వాత రెక్క కిర్రుమంది. కాగితాల కట్ట ఒకటి మా వైపు దొర్లి పడింది, దాని వెనుక నుంచి ఆయన చేయి కనిపించింది.

"ఛాయ్ ఉన్నదామ్మా?" అన్నారు.